మబ్బు వెలిగించిన మినారు

మీనా రేవుపట్టణం,
8 ఏప్రిల్ 2025

పూజ్యులైన సిస్టర్ క్లెమాన్స్ గారికి,

మీ పాత శిష్యురాలు తక్లా వందనాలు. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, కొండ మీద మఠానికి కాస్త ఎండ వస్తోందని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం.

మా రేవు మసీదు మినారుకు దీపాలు అమర్చే పని నా సొంత పేరు మీద వచ్చిందని లోగడ రాశాను. మా పెద్ద ఇంజనీరు వజీహ్ గారు పచ్చ, నీలం రంగులు వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. చిన్న దీపాలను గోడకు బాగా దగ్గరగా, కింది నుంచి పైకి పెట్టాను. తేనెరంగు వెలుగు రాయిని ఒరుసుకుంటూ పోతే పాతకాలపు ఉలిగీతలన్నీ లేచి నిలబడ్డాయి.

రంజాన్ రెండో వారంలో ముప్పు వచ్చింది. మా ఊళ్ళో మినారు వెలిగితే పొద్దు గుంకినట్టే. రేవు హోరులో అజాన్ పిలుపు వినపడని మేడలవాళ్ళు దీపం చూసే ఉపవాసం విడుస్తారు. అది తెలిసీ, చీకటి పడితే దానంతటదే వెలిగే సెన్సర్ పెట్టాను. ఆ సాయంత్రం సముద్రం మీద నల్లమబ్బు కమ్మింది. పొద్దుండగానే మినారు వెలిగింది. సగం పేట పప్పు సూపు తాగేశాక అజాన్ వినిపించింది.

మర్నాడు మసీదు వాకిట్లో అందరూ చేరారు. మా ఎదురింటి ఉమ్ రబీ నన్ను చూడగానే, "ఏమే తక్లా, నెలంతా కడుపు మాడ్చుకునేది మేమూ, విడిచే వేళ చెప్పేది నీ మబ్బా? పీకేయండి ఆ దీపాలు!" అని అరిచింది. "మా అల్లుడైతే రెండో గిన్నె కూడా లాగించాడు" అని ఇంకొకావిడ ఎత్తిపొడిచింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అజాన్ ఇచ్చే హాజీ ముంజిర్ లేచారు. "మబ్బుకి రంజాన్ తెలుసా, ఆదివారం తెలుసా? తెలియక తిన్నది పాపం కాదు. పండగ వెళ్ళాక ఒక రోజు ఉపవాసం ఉంటే సరి. దానికి ఇంత చక్కటి దీపాన్ని పీకుతారా?" అన్నారు.

మీ క్లాసులో ఏనాడూ చెయ్యెత్తని నేను అప్పుడు నోరు తెరిచాను. సెన్సర్ తీసేస్తానని, హాజీ మైకు పక్కనే స్విచ్చి పెడతానని, ఆయన వేస్తేనే మినారు వెలుగుతుందని చెప్పాను. "ఇంత చదివి చివరికి గోడ మీద స్విచ్చా, అమ్మాయ్?" అని వజీహ్ గారు నవ్వారు. అవునండీ, అన్నాను.

ఆ సాయంత్రం మేడలన్నీ జనం. మైకులో హాజీ దగ్గు వినపడింది. వెలుగు అడుగు నుంచి మెల్లగా పాకి పైకెక్కింది, వెంటనే అజాన్. ఆడవాళ్ళు సంబరంగా నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. ఉమ్ రబీ సూపు గిన్నెతో మా గుమ్మంలోకొచ్చి, "మీ క్రైస్తవులకూ ఇది ఉపవాస కాలమేగా, మాంసం వెయ్యలేదులే, తాగు. దీపం... బాగానే ఏడ్చింది" అంది.

ఇప్పుడు పొరుగూళ్ళవాళ్ళు కూడా వచ్చి, సముద్రపు గట్టు మీద కూర్చుని మా మినారును చూసి వెళుతున్నారు. గర్వం పాపమని మీరు నేర్పారు. ఈ ఒక్కటీ నా దగ్గర ఉంచుకోనివ్వండి.

మీ దీవెనలు కోరుతూ,
తక్లా

తా.క.: మీరు ఈ ఊరివారు కారు గనుక రాస్తున్నాను. స్విచ్చి బిగిస్తుంటే హాజీ నా చెవిలో చెప్పారు. మబ్బు కమ్మిన సాయంత్రం ఆయన నమాజుకు కాళ్ళు కడుక్కుంటుండగా వాకిట్లో వెలుగు పడిందట. తన గడియారం ఆగిపోయిందనుకుని ఖర్జూరం నోట్లో వేసుకున్నారట. గింజ ఉమ్మేశాక చూస్తే గడియారం నడుస్తూనే ఉందట. నిన్న ఆ సగం పేటా ఆ ఒక్క రోజు ఉపవాసం తీర్చుకుంది, హాజీ కూడా ఉన్నారు. "చూశారా మహానుభావుణ్ణి! తను తినకపోయినా మనకు తోడుగా ఉపవాసం ఉన్నాడు" అని ఉమ్ రబీ సందంతా వినపడేలా పొగిడింది. హాజీ నావైపు చూడకుండా, గడ్డం సవరించుకుంటూ వెళ్ళిపోయారు.