బడి గుమ్మానికి వేపమండలు

సోమవారం, చిలకలగూడ

ఇవాళ బడి తెరిచాం. పోలీసు చర్యప్పుడు మూసింది, ఆ తర్వాత మశూచితో మూతబడే ఉంది. కొత్త సర్కారు ఇక తెరవమంది. గాలి శుభ్రపడుతుందని నేనే గుమ్మానికి వేపమండలు కట్టించాను. తల్లులంతా గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏందీ టీచరమ్మా, బడిల సుత అమ్మోరు పోసిందా?" అంది సత్తెమ్మ, కూతురు లక్ష్మి చెయ్యి వదలకుండా.

మశూచి సోకిన ఇంటికే అలా కడతారట. మా క్రైస్తవుల ఇళ్లలో ఆ ఆచారం లేదు, నాకు తట్టనేలేదు. నవ్వుకుంటూ మండలు తీయించాను. పిల్లలంతా లోపలికొచ్చారు. ఆ గోల వింటే ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఇంటికొస్తూ సత్తెమ్మ ఇల్లు దాటాను. తలుపుకు పచ్చి వేపమండలు వేలాడుతున్నాయి.

లక్ష్మి చాప మీద ఇంకా ఎవరెవరు కూర్చున్నారో గుర్తు తెచ్చుకుంటున్నాను.