రోహిణికి ఏ అక్షరం?

ధర్మవరం, డిసెంబర్ 2003, శనివారం

రెండు గెలాక్సీలు ఢీకొంటే కొత్త నక్షత్రాలు గుంపులుగా పుడతాయని చార్టు గీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఈరోజు మా స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో దాని ముందు ఆగిన మొదటి మనిషే, "మా మనవడు రోహిణిలో పుట్టినాడు మేడం, పేరు ఏ అచ్చరంతో పెట్టల్ల?" అన్నాడు. సాయంత్రం దాకా అదే వరస. హెడ్‌మాస్టరుగారు కూడా నవ్వుతూ, "పంచాంగం తెప్పించమంటారా మేడం?" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

మూసేసే వేళకు మా క్లాసు పద్మ కోసం వాళ్ల అవ్వ వచ్చింది. మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చినట్టుంది, చీర నిండా పట్టు పోగులు. చార్టును చాలాసేపు చూసి, "గుద్దుకుంటే సచ్చిపోవల్ల గదమ్మా, పుట్టేదెట్లా?" అంది.

అప్పటికే విసిగిపోయి ఉన్నాను. "అది సిలబస్‌లో లేదులే అవ్వా" అని చార్టు చుట్టేశాను.

నక్షత్రాలు ఒకదానికొకటి దాదాపుగా తగలవు, వాటి నడుమనున్న వాయువే నలిగి ముద్దకట్టి కొత్తవి పుడతాయి. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. పొద్దుటి నుంచీ ఆ ప్రశ్న కోసమే కదా నిలబడ్డాను!