వెనక బ్రేకులకు ఎరుపు

గుంటూరు,
మార్చి 2, ఆదివారం.

తెల్లవారుజామున తుంపర పడింది. ఇప్పుడు ఉక్కగా ఉంది. షెడ్డు ముందు ఊడ్చి, ఆయిలు మరకల మీద రంపపు పొట్టు చల్లాను.

బిందుమాధవికి,

రోజూ షెడ్డు పద్దు రాసే చెయ్యి కదా, ఉత్తరం కూడా అలాగే మొదలైంది. ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఇక్కడున్నది నేనొక్కడినే. నేను క్షేమం. కొండమీద నువ్వూ, నీ ఆసుపత్రికి వచ్చే తల్లులూ పిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంటింటి కప్పు కారడం లేదు, సిమెంటు పెట్టించాను. మధ్యాహ్నం భోజనం చాంద్‌బీ హోటల్లోనే. ఆవిడ నువ్వు చెప్పినట్టే ఉప్పు తగ్గించి వడ్డించి, నువ్వు తిట్టినట్టే తిడుతోంది. ఆఖరున నువ్వు అడిగినదానికి కూడా జవాబు రాస్తాను. ఇంకో మూడేళ్లు అక్కడే ఉండిపోవాలా, గుంటూరుకు బదిలీ అర్జీ పెట్టుకోవాలా అన్నావు. "ఈసారి 'నీ ఇష్టం' అన్నారంటే ఊరుకోను" అని కూడా రాశావు. పదో తేదీ గడువని గుర్తుంది. ముందు ఒక బండి సంగతి చెప్పనివ్వు. అది చెప్తే గాని ఇది రాయలేను.

మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ప్రేమ్‌చంద్ నీకు తెలుసు. హైదరాబాదులో పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. పసుపు రంగు, రెండే తలుపులు, కూర్చుంటే నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టుంటుంది. పాతకాలపు బండి కాబట్టి చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ లేదు. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని పట్టి ఆపే ఎర్రటి క్యాలిపర్లు ఎవరో ముందే వేయించారు. వెనకవి మాత్రం కంపెనీవి, చిన్నవి.

"బాబాయ్, పట్టుచీర కట్టి మెడ బోసిగా వదిలేసినట్టు లేదూ?" అన్నాడు ప్రేమ్‌చంద్. వెనక కూడా పెద్దవి, ముందువాటికి జోడీగా ఎర్రవి కావాలన్నాడు. సామాను తెప్పించేశాడు కూడా.

"అందానికేనా బాబూ?" అన్నాను.

"అందానికీ, పనికీ. సైకిల్ నేర్పేటప్పుడు మీరేం చెప్తారు? ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావురా, వెనకదే పట్టు అనేగా! వెనకది బలంగా ఉంటే ఇంకా మంచిదేగా?"

మన వైపు ప్రతివాడూ ఆ మాటతోనే పెరిగాడు. నేనూ అంతే. కానీ కారు సైకిల్ కాదు. బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకు వంగుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు వెనక బ్రేకు బలంగా ఉంటే ఆ చక్రాలే ముందు బిగుసుకుంటాయి, బండి తోక గిర్రున తిరిగి ముందుకొస్తుంది. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. నా సంగతి నీకు తెలుసు కదా. "మీ ఇష్టమండి" అన్నాను. పని మొదలుపెట్టాను.

శుక్రవారం బిగించడం పూర్తయింది. పక్క షెడ్డులో రంగులు వేసే వాసింని ఎక్కించుకుని ప్రత్తిపాడు రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఆరోజూ తుంపరే. కల్లాల్లో మిరపకాయల మీద ఆడవాళ్లు పట్టాలు కప్పుకుంటున్నారు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట చూసి బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఒక్క క్షణం నిలబడినట్టే నిలబడి, గిర్రున తిరిగి గుంటూరు వైపు మొహం పెట్టి ఆగింది.

కల్లంలోంచి ఒకామె అరిచింది. "ఏమయ్యోయ్, ఇంటికాడ ఏమన్నా మర్చిపోయావా, అట్టా తిరిగావ్!"

వాసిం సీటును పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "అన్నా, నాకింకా పెళ్లి కాలేదు, కాస్త గుర్తుపెట్టుకో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కల్లం రోడ్డుకు ఎంత దగ్గరో చూస్తూ ఉండిపోయాను.

నిన్న ప్రేమ్‌చంద్ వచ్చాడు. "ఈ బ్రేకులతో బండి ఇవ్వను" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. అతను కోప్పడతాడనుకున్నాను.

"మొన్న 'మీ ఇష్టం' అన్నారుగా బాబాయ్! మీకు సరేననే అనుకున్నా. వద్దనుకుంటే వద్దని చెప్పరేం? మీ నోట్లోంచి మాట రావాలంటే జాకీ పెట్టి లేపాలా?"

వాసిం పడీపడీ నవ్వాడు.

తర్వాత ప్రేమ్‌చందే ఫోనులో వెతికి ఒకటి చూపించాడు. వెనక డిస్కు పెద్దది వేసి, క్యాలిపర్‌లో డిస్కును నొక్కించే పిస్టన్లు ఆ మేరకు చిన్నవి వేస్తే బలం పాతంతే ఉంటుంది, చూపుకు నిండుగా ఉంటుంది. అది నాకు తట్టలేదు. ఆ సామాను వచ్చేదాకా పాత బ్రేకులే తిరిగి బిగించాను. వాటికే వాసిం ఎరుపు వేశాడు. చూశాక నాకూ బాగుందనిపించింది. ఆ మాట ప్రేమ్‌చంద్‌తో పైకే అన్నాను.

మాధవీ, ఇక నీ ప్రశ్న.

నేను 'నీ ఇష్టం' అన్నప్పుడల్లా నువ్వు ఏమని అర్థం చేసుకున్నావో నిన్న ప్రేమ్‌చంద్ అడిగేదాకా ఆలోచించలేదు. నిన్ను ఆపకూడదనే అలా అన్నాను. ఉన్నా లేకపోయినా ఒకటేనన్నట్టు నీకు వినిపించిందేమో. ఫోనులో నువ్వు "ఇంకేంటి?" అనగానే నా మాటలన్నీ అయిపోతాయి. ఏమీ లేక కాదు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆదివారం సాయంత్రాలు బస్టాండుకు వెళ్తున్నాను. విశాఖ బస్సు వచ్చే చోట నిలబడి, దిగేవాళ్లను చూస్తాను. నువ్వు రావని తెలుసు. ఎవరి కోసమని ఒక కండక్టరు అడిగితే, మా ఆవిడ వస్తోందని చెప్పాను. బస్సంతా ఖాళీ అయ్యాక అతను నా మొహం చూసి, తర్వాతి బస్సు ఎన్నింటికో చెప్పి వెళ్లాడు. ఆ తర్వాతి వారం కూడా వెళ్లాను.

నువ్వు నా దగ్గర ఉండాలి. నా ఇష్టం ఇది.

అక్కడి వాళ్లకు నీ అవసరం ఉందనీ, ఆ పనిలో నువ్వు సంతోషంగా ఉన్నావనీ నీ ఉత్తరాల్లోనే తెలుస్తోంది. అర్జీ పెట్టడానికి నీకు మనసొప్పితే పెట్టు. ఒప్పకపోతే పెట్టకు, కానీ ఒక పని చెయ్యి. మీ ఘాట్ రోడ్డు మీద జీపులూ ఆటోలూ రోజంతా ఎక్కి దిగుతుంటాయి కదా, వాటికి బ్రేకులు చూసేవాడు ఎవరైనా ఉన్నాడేమో కనుక్కో. లేకపోతే ఒకడు వస్తాడని చెప్పు. షెడ్డుకు చిన్న చోటు చాలు.

ఇట్లు,
ఈసారి అడిగినదానికి జవాబు చెప్పిన
నీ భర్త,
యలమందయ్య