సాధన వేసవి లెక్కలు

పరీక్షల విభాగపు అధికారి గారి సముఖమునకు,
చైతన్యపురి నివాసి కాంతమ్మ వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: డిగ్రీ రెండవ సంవత్సరం చదువుచున్న నా కుమార్తె సాధన వేసవి గణిత పరిశోధన శిక్షణకు వెళ్లవలసి ఉన్నందున, ఒక పరీక్షను తరువాత వ్రాయుటకు అనుమతి కోరుట గురించి.

1. నేను చైతన్యపురిలోని ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేయుచున్నాను. నా భర్త స్తెఫను కాలం చేసినారు. సాధన ఒక్కతే సంతానము. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుచున్నది.

2. చెన్నైలోని ఒక పరిశోధన సంస్థవారు కొద్దిమంది డిగ్రీ విద్యార్థులను ఎంచుకొని, వేసవిలో తమ వద్దనే ఉంచి గణితంలో పరిశోధన చేయించెదరు. లెక్చరర్ అరుణజ్యోతి మేడం చెప్పగా సాధన దరఖాస్తు చేసినది. ఫోనులో ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన ఒక లెక్క ఇచ్చినారు. సాధన చాలాసేపు చేసి, "ఇక్కడిదాక వచ్చిన సార్, తర్వాత ఎట్లనో తెలుస్తలేదు" అన్నది. "అక్కడి నుంచి ఇంకా ఎవరికీ తెలియదమ్మా. వచ్చేయి, కలిసి చూద్దాం" అన్నారట. ఆ పూట అన్నం తినకుండా నవ్వుతూ కూర్చున్నది. తండ్రి పోయినాక ఆ పిల్ల అట్లా నవ్వగా నేను చూడలేదు. ఇది అర్జీలో వ్రాయదగినది కాదని తెలిసియు వ్రాయుచున్నాను.

3. వాయిదాపడిన పర్యావరణం పరీక్షను, శిక్షణ మొదలగు రోజుననే పెట్టినారు. మొదటి రోజు రానివారి స్థానము వేరొకరికి పోవును. పరీక్ష వ్రాయనిచో తప్పినట్లే.

4. ప్రిన్సిపాల్ గారు, ఇది తన చేతిలో లేదని, తమరి పరీక్షల కార్యాలయమునకు వెళ్లమన్నారు. హాస్టల్‌లో టిఫిన్లు వడ్డించి, మధ్యాహ్నపు వంట ఇంకొకరికి అప్పగించి, పలుమార్లు వచ్చితిని. అక్కడి గుమాస్తా భానుమూర్తి గారు చెడ్డవారు కారు. కుర్చీ వేసి కూర్చోమన్నారు. "అమ్మాయికి ఒంట్లో బాగోలేదని డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకోండమ్మా, పనైపోతుంది. లెక్కలు చేసుకోడానికి వెళ్తానంటే ఒప్పుకునే రూలు నాకెక్కడా కనపడట్లేదు" అన్నారు.

"మంచిగున్న పిల్లకు రోగమని ఎట్ల రాయించుకొస్త సార్?" అన్నాను.

ఆయన సొరుగులోనుంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టినారు. తరువాత, "అయితే అర్జీ పెట్టండి" అన్నారు. పెట్టుచున్నాను.

5. అయ్యా, నాకు అలసటగా ఉన్నది. జబ్బుపడిన పిల్లకు దారి ఉండి, ఎంపికైన పిల్లకు లేకపోవుట నాకు అర్థం కాలేదు. ఆ ఒక్క పరీక్షను సప్లిమెంటరీ వేళ వ్రాయనిచ్చి, తప్పినట్లు లెక్కించకుండా చూడవలెను.

పై సంగతులు తమరు నిదానముగా చిత్తగించవలెనని, కాదన్నచో ఆ మాటైనను త్వరగా చెప్పించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
కాంతమ్మ

మరొక మాట: అర్జీ పట్టుకొని వస్తే తమరు ఊళ్లో లేరన్నారు. ఇంటికి పోయి చెప్పితే సాధన, "అమ్మా, ఇగ తిరగకు. ఫెయిల్ అని పడితే పడనీ, తర్వాత రాస్త. చెన్నై పిలుపు మళ్ల వస్తదో రాదో" అన్నది. నేను ఆపలేదు. నిన్న ఎల్బీనగర్‌లో బస్సు ఎక్కించి వచ్చాను. బస్సు పోయినాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

అయినా ఈ అర్జీ ఇస్తున్నాను. ఇట్లాంటి పిల్ల ఇంకొకరి ఇంట్లోనూ ఉంటుంది. పరీక్ష రోజు సాధన పేరుకు ఎదురుగా గైర్హాజరు అని వేస్తారు, వేయండి సార్. ఎక్కడికి పోయిందో కూడా ఆ పక్కన రాయించండి.