చలపతి బావగారి సీసా

ఏప్రిల్ 4, 2004

చలపతి బావగారు తన విస్కీ సీసా నాకప్పగించి వెళ్ళారు. ఓడలో ఇంజనీరు కదా, ఏదో రేవులో కొన్నారట. రెండు పెగ్గులు తాగి, మిగతాది ఆగస్టులో వచ్చాక తాగుతానన్నారు. "ఇంట్లో ఉంచితే మీ అక్క వాష్‌బేసిన్లో పారబోస్తుంది సూర్యా" అన్నారు. అక్క కాదనలేదు.

నాకిష్టం లేదు. మా ఆయన మానేసి ఏడాదయింది. అన్నవరంలో స్వామి ముందు, అత్తగారి చెయ్యి పట్టుకుని ఒట్టేశారు. ఈ సీసా మనకెందుకండీ అనబోయాను. "ఉండనీ. ఎదురుగా ఉన్నా ముట్టకపోతేనే కదా మానేసినట్టు" అన్నారు.

ఎంత గర్వంగా అనిపించిందో.

ఏప్రిల్ 6

బుల్లిరాజు గారొస్తే అడిగాను. ఆయన మావారి స్నేహితుడు, కాకినాడలో బార్ ఉంది. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదన్నారు. పడుకోబెడితే కార్క్ పాడైపోతుందట, నిలబెట్టే ఉంచాలట. ఎండా వేడీ తగలకూడదు.

ఈ ఎండల్లో మా ఇనపబీరువా కుంపటి. వంటింటి పక్కన చీకటి గదిలో చెక్క బోషాణం ఉంది. పాత కాటన్ చీర చుట్టి ఇత్తడి బిందెల మధ్య నిలబెట్టాను. తాళం నా దగ్గర. రెండో తాళంచెవి ఎప్పట్నుంచో అత్తగారి మొలలోనే ఉంటుంది.

మే 12

సీసా తగ్గింది! నా భ్రమేమో అనుకున్నాను. భ్రమ కాదు.

బుల్లిరాజు గారు నవ్వారు. "ఓపెన్ చేసిన సీసా కదండీ, కార్క్ లూజైతే ఆవిరైపోద్దండి. మన ఎండలకి మనుషులే ఆవిరైపోతన్నారు."

కొవ్వొత్తి కరిగించి మూత చుట్టూ మైనం పోశాను. చెయ్యి కాలింది. మా ఆయన బర్నాల్ రాసి, చాలాసేపు ఊదారు.

మే 30

తగ్గలేదు. అమ్మయ్య.

జూన్ 20

ఇప్పుడు రంగు పోతోంది. తేనెలా ఉండేది, పలచటి టీలా అయింది. వెలుతురు తగిలితే రంగు తగ్గుతుందట. బోషాణంలోకి వెలుతురెక్కడిదండీ అంటే, మీరు తీసి చూస్తున్నారు కదండీ, అదేనన్నారు బుల్లిరాజు గారు.

ఇంక చూడను. నాదే తప్పు.

ఆగస్టు 22

రాయాలనిపించడం లేదు. అయినా రాస్తాను.

బావగారూ అక్కా భోజనానికొచ్చారు. బుల్లిరాజు గారు కూడా ఉన్నారు. రొయ్యల వేపుడు చేశాను. మైనం వలిచి సీసా నేనే అందించాను. బావగారు ఒక గుక్క తాగి గ్లాసు దించేశారు.

"ఇది నీళ్ళు" అన్నారు.

బోషాణం, చీకటి, చీర, మైనం అన్నీ చెప్పాను. పిచ్చిదానిలా చెప్పాను. మా ఆయన మధ్యలో అందుకున్నారు. "ఆడాళ్ళకి వీటి సంగతేం తెలుసు అన్నయ్యగారూ. ఎక్కడ పెట్టిందో ఏంటో."

"ఎక్కడ పెట్టినా విస్కీ నీళ్ళయిపోదు తమ్ముడూ. ఎవరో తాగేసి నీళ్ళు కలిపారు."

అప్పుడు మా ఆయన, నావైపు చూడకుండా అన్నారు: "తాళం తన దగ్గరే ఉంటుందండీ మరి."

అక్క నావైపు తిరిగింది. బుల్లిరాజు గారు పళ్ళెంలో జీడిపప్పులు ఏరుకుంటున్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాకేం చెయ్యాలో తెలియక నవ్వాను. నవ్వేసరికి ఒప్పుకున్నట్టయిపోయింది.

ఆగస్టు 23

రెండో తాళంచెవి సంగతి అడిగితే అత్తగారు దాచలేదు. నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంటే తాళం తీసిచ్చేది ఆవిడే. ఆయనా బుల్లిరాజు గారూ తాగాక నీళ్ళు పోసి, మైనం కరిగించి మళ్ళీ మూత బిగించేదీ ఆవిడే.

"బయట తాగి రోడ్డుమీద పడితే పరువు పోద్ది కదమ్మా. తల్లిని, ఏం చెయ్యను?" అన్నారు. తర్వాత, "నువ్వే ఓర్చుకో. నీ మీద మాట నాల్రోజులుంటాది. ఆడి మీదైతే ఉజ్జోగం పోద్ది" అన్నారు.

తాగారని కాదు నా బాధ. తాగితే మళ్ళీ మాన్పించుకునేదాన్ని. నా చెయ్యి కాలిన రోజుకే తాగుతున్నారు. ఎందుకు కాలిందో తెలిసే ఊదారు.

ఆగస్టు 26

అక్క ఫోన్. ఎప్పట్నుంచి ఈ అలవాటని అడిగింది. పిల్లలకి పాఠాలు చెప్పే నోటితో ఎలా తాగావని ఏడ్చింది. అమ్మకి కూడా చెప్పేసిందట.

ఆయన ఎదురుగా నిలబడి, చెప్పొద్దని రెండు చేతులూ జోడించారు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆగస్టు 29

అక్కకి నేనే ఫోన్ చేశాను. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ముందుగదిలో ఆయన టీవీ సౌండ్ పెంచారు.

అత్తగారు లేచి వెళ్ళి టీవీ ఆపేశారు.