అర్జీల దర్బారు ఇంగ్లీషు

కరీంనగర్, 1957 జూన్, గురువారం

ఒళ్లు మండుతుంది. నౌకరికి తమ్ముడు పెట్టిన అర్జీని ఆఫీసర్ అందరి ముందట సదివి పడీపడీ నవ్విండట.

బాపు నిజాం కాలంల ఉర్దూ అర్జీలు రాసిన మనిషి. పెద్ద దొరకు దర్బారు మాటలే రాయాలంటడు. తమ్మునికి దర్బారు ఇంగ్లీషు కాలేజీల పాఠంగ సదివిన ఒక వీరుల కావ్యంల దొరికింది. "ఓ వేలియంట్ లార్డ్, ఐ బిసీచ్ దీ", అంటే "ఓ వీర ప్రభూ, నిన్ను వేడుకుంటున్న" అని మొదలువెట్టిండు.

గా కావ్యం ఇంగ్లీషుల పుట్టలే, ఏ దేశందో. మొన్నమొన్న దాన్ని ఇంగ్లీషులకు మార్చి రాసినాయనకు ఎన్నడో సచ్చిన మాటలే కావాల్నా? కత్తి దూసెటందుకు బతికున్న మాటలు సాలవా? గివి ఇప్పుడెవ్వరు మాట్లాడరని పుస్తకంల ఒక్క ముక్కన్న రాయొద్దా?

తమ్ముడు అన్నం ముట్టలే. గా మాటలు చూసే నవ్విండంటే బాపు ఇంకా నమ్ముతలేడు.

"గంత మర్యాదగ రాస్తే నవ్విండంటే, బిడ్డా, గా ఆఫీసర్ అసలు సదువుకున్నోడేనా?"