మరవ దాకా రాని నీళ్లు

ఆదివారం, రాత్రి

ఎన్నో ఏళ్లకు మా చెరువు నిండబోతోంది. గుర్రపుడెక్క పీకి, చెత్త పోసే ట్రాక్టర్లను అడ్డుకుని, మా చెరువు రక్షణ సంఘం ఎదురుచూసింది ఈ వానకే.

సాయంత్రం మీటింగులో అధ్యక్షుడు రెడ్డన్న, "ఇంకో అడుగు పెరిగితే నీళ్లు మన ఇండ్లల్లోకి వస్తాయప్పా. తూము ఎత్తి నీళ్లు కిందికి వదిలేద్దాం" అన్నాడు. మా ఇండ్లన్నీ చెరువు లోపలే కట్టుకున్నామని ఎవరూ అనలేదు. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

ఇంటికొస్తే నా భార్య లక్ష్మి పళ్లెంలో కొత్త చీర, పసుపు, గాజులు సర్దుతోంది. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ పారిన రోజే గంగమ్మకు చీర పెట్టాలి.

"రేపు పారతాదంటారా?" అని అడిగింది.

"సూద్దాం" అన్నాను.

కట్ట వైపు నుంచి తూము నీళ్ల హోరు వినిపిస్తోంది.

"మళ్లీ వాన పట్టుకున్నట్టుండాదే!" అంది సంబరంగా.